పక్కింటి వీడియోకే, మూసుకుపోయిన కాలువ: బరాంగైలో కంప్లైంట్ పెట్టొచ్చా?

గుంటూరు_మెడికో:
అందరికీ నమస్తే. ఫిలిప్పీన్స్‌లో ఉన్నవాళ్ళు, ఉండి వచ్చినవాళ్ళు కొంచెం హెల్ప్ చేయండి ప్లీజ్. నేను దావావ్‌లో ఎండీ (ఇక్కడ మన ఎంబీబీఎస్ లాంటిది) చదువుతున్నా, నలుగురం తెలుగమ్మాయిలం కలిసి కాలేజీకి దగ్గర్లో ఇల్లు అద్దెకి తీసుకుని ఉంటున్నాం. ఏరియా మంచిదే, పొద్దున్నే పాన్‌దెసాల్ బన్నులు అమ్మే అబ్బాయి దగ్గర్నుంచి సారిసారి (చిల్లర కిరాణా) కొట్టు ఆవిడ దాకా అందరూ పలకరిస్తారు. సమస్యల్లా మా కుడిపక్క ఇల్లు. వాళ్ళకి సొంత వీడియోకే (కరోకే) మెషిన్ ఉంది, ఇంతకుముందు శని ఆదివారాలే పాడేవాళ్ళు ఇప్పుడు మామూలు రోజుల్లో కూడా అర్ధరాత్రి దాటేదాకా అదే, మా కిటికీ అద్దాలు అదురుతుంటాయి, తెల్లారితే ఎగ్జామ్ ఉన్నా అంతే. రెండోది ఇంకా పెద్దది. వాళ్ళ గుమ్మం ముందు కాలువ మీద సిమెంట్ పలకలు పరిచేసి ట్రైసికిల్ (ఇక్కడి ఆటోలాంటి బండి) పెట్టుకుంటున్నారు, కింద చెత్త సంచులు ఇరుక్కుపోయి నీళ్ళు కదలట్లేదు, అరగంట గట్టి వాన పడితే చాలు ఆ మురుగు మా వంటింట్లోకి వస్తోంది. మొన్న బియ్యం సంచి అడుగంతా తడిసిపోతే పారేశాం, ఇంటి నుంచి తెచ్చుకున్న కందిపొడి, పచ్చడి డబ్బాలన్నీ మంచం మీద పెట్టుకుని కూర్చున్నాం.

ఓనర్‌ని అడిగితే బరాంగైకి వెళ్ళండి అంటోంది, తను మాత్రం రాదట. ఇంట్లో చెప్తే అమ్మ "పరాయి దేశంలో గొడవలెందుకే, ఇల్లు మారిపోండి" అంటోంది, మారితే డిపాజిట్ పోతుంది. అసలు ఫారినర్స్ కంప్లైంట్ పెట్టొచ్చా, డైరెక్ట్‌గా పోలీసుల దగ్గరికి వెళ్తే బెటరా, వీసాకి ఏమైనా ఇబ్బంది వస్తుందా, మాకు బిసాయా నాలుగు ముక్కలే వచ్చు మరి అక్కడ ఏ భాషలో మాట్లాడాలి... చాలా టెన్షన్‌గా ఉంది.

కాకినాడ_అన్న:
చెల్లీ ముందు టెన్షన్ తగ్గించుకో, మీ ఓనర్ చెప్పింది కరెక్టే. నేను అక్కడే చదువుకుని వచ్చా. బరాంగై అంటే మన పంచాయతీలాంటిదే గానీ ఊళ్ళలోనే కాదు సిటీలో కూడా ఉంటుంది, ఒక్క దావావ్ సిటీలోనే 182 ఉన్నాయి. సర్పంచ్ లాంటి ఒక కపితాన్, మెంబర్లుగా ఏడుగురు కగవాద్‌లు, కుర్రాళ్ళ తరఫున ఎస్‌కే చైర్మన్, వీళ్ళంతా ఓట్లతో గెలిచినవాళ్ళు, వీళ్ళు కాక రాత్రిళ్ళు గస్తీ తిరిగే తనోద్‌లు ఉంటారు. మన దగ్గర టౌన్‌లో కార్పొరేటర్ ఎవరో చాలామందికి తెలీదు, నేనున్న వీధిలో కపితాన్ ఇల్లు ఎక్కడంటే చిన్నపిల్లలు కూడా చూపించేవాళ్ళు.

1991 లోకల్ గవర్నమెంట్ కోడ్ ప్రకారం ఒకే సిటీలో ఉంటున్న ఇద్దరు మనుషుల మధ్య తగాదా వస్తే, పెద్ద నేరాలు లాంటివి తప్ప, ముందు బరాంగైలో రాజీకి కూర్చోవాలి, కూర్చోకుండా కోర్టుకెళ్తే వెనక్కి పంపేస్తారు. 1978 నుంచీ ఉన్న పద్ధతి ఇది. అక్కడ నివాసం ఉంటున్నావా లేదా అన్నదే లెక్క, పాస్‌పోర్ట్ ఏ దేశానిదన్నది కాదు. వీసాకీ దీనికీ సంబంధం లేదు.

ఒకటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో. ఆఫీసుకి వెళ్ళగానే బ్లాటర్ బుక్‌లో రాసి సంతకం పెట్టించుకుని పంపేస్తారు, మనవాళ్ళు చాలామంది అదే కంప్లైంట్ అనుకుని ఇంటికొచ్చి ఎదురుచూస్తారు. బ్లాటర్ అంటే ఫలానా రోజు ఫలానాది జరిగిందని రికార్డు, అంతే. "లుపోన్‌కి కంప్లైంట్ ఫైల్ చేస్తున్నా" అని నోటితో చెప్పాలి, లుపోన్ అంటే బరాంగైలో రాజీలు కుదిర్చే కమిటీ, చిన్న ఫీజు ఉంటుంది, అప్పుడే అవతలివాళ్ళకి సమన్లు వెళ్తాయి. ముందు కపితాన్ కూర్చోబెడతాడు, 15 రోజుల్లో తేలకపోతే ముగ్గురితో పాంగ్‌కాట్ అని వేస్తారు, వాళ్ళకి ఇంకో 15 రోజులు, అవసరమైతే మరో 15.

మా రూమ్మేట్ స్కూటర్ పక్కింటి గేటుకి గుద్దిందని తగాదా వస్తే నేను కూడా వెళ్ళా. బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన చిన్న హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి గిర్రున తిరిగే ఫ్యాను. లుపోన్ తరఫున కూర్చున్నావిడ రిటైర్డ్ టీచర్. ఒకళ్ళు మాట్లాడుతుంటే రెండోవాళ్ళని నోరెత్తనివ్వలేదు, ఇద్దరిదీ పూర్తిగా విన్నాక గేటు బాగుచేయించడానికి ఎంతవుతుందో వెల్డర్‌ని అక్కడికే పిలిపించి అడిగింది, రెండు వాయిదాల్లో ఇచ్చేలా రాయించింది. అంతా ఇంగ్లీషులోనే జరిగింది. లాయర్లని రానివ్వరు, ఎవరి మాట వాళ్ళే చెప్పుకోవాలి. నాకైతే ఆవిడ మీద ఇప్పటికీ గౌరవం.

కవీతె_కోడలు:
అమ్మాయ్, నేను ఇక్కడి అబ్బాయినే పెళ్ళి చేసుకుని కవీతెలో ఉంటున్నాను, మా అత్తగారి తమ్ముడు ఒక టర్మ్ కగవాద్‌గా చేశారు కాబట్టి లోపల ఎలా ఉంటుందో కొంచెం తెలుసు. మీ రెండు సమస్యలూ ఒకే కాగితంలో కలిపేయకండి. సౌండ్ సంగతి సిటీ ఆర్డినెన్స్, అంటే సిటీ వాళ్ళు పెట్టిన లోకల్ రూల్, కిందికి వస్తుంది, దానికి రాజీ దాకా ఆగక్కర్లేదు, పాట మొదలైనప్పుడే బరాంగై హాట్‌లైన్‌కి ఫోన్ చేస్తే తనోద్‌లు వచ్చి తగ్గించమని చెప్తారు, అలా వచ్చిన ప్రతిసారీ లాగ్‌బుక్‌లో పడుతుంది, తర్వాత అదే మీకు సాక్ష్యం. కాలువ సంగతి వేరు. అది వాళ్ళదీ కాదు మీదీ కాదు, పబ్లిక్‌ది, దాని మీద పలకలు వేసే హక్కు ఎవరికీ లేదు. ఫోటోలు తీసి, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద గుర్తు కనపడేలా తీసి, కపితాన్ పేరున లెటర్ ఇవ్వండి, మీ కాపీ మీద "రిసీవ్డ్" అని ముద్ర వేయించుకోండి, అది లేకుండా బయటికి రాకండి. చెత్త గురించి కూడా రాయండి. 2001లో వచ్చిన చెత్త చట్టం ప్రకారం తడి చెత్త, అమ్ముడుపోయే చెత్త విడిగా సేకరించే బాధ్యత బరాంగైదే, ఆ సంచులు కాలువలోకి చేరాయంటే కలెక్షన్ సరిగ్గా జరగట్లేదన్న మాట.

ఇంకో మాట. వెళ్ళేముందు ఆ ఇంట్లో ఎవరైనా పోయారేమో కనుక్కోండి. ఇక్కడ మనిషి పోతే రోజుల తరబడి శవం దగ్గర జాగారం చేస్తారు, రోడ్డు మీద టెంట్ వేసి పేకాట, కాఫీ, రాత్రంతా మనుషులు. ఆ టైమ్‌లో కంప్లైంట్ పెడితే వీధంతా మీ మీద అలుగుతుంది. అలాంటిదేం లేకపోతే ముందు ఏదైనా తినేది తీసుకెళ్ళి ఆ ఇంటి ఆవిడతో నవ్వుతూ ఒకసారి మాట్లాడి చూడండి, నలుగురిలో గొంతు పెంచితే మాత్రం న్యాయం మీవైపున్నా తప్పు మీదే అవుతుంది.

బీజీసీ_నైట్‌షిఫ్ట్:
అక్కా మీరు చెప్పింది మంచిదే గని నలుగురు ఆడపిల్లలు తాగి పాడేటోళ్ళ ఇంటికి మాట్లాడనీకి పోవుడు నాకు నచ్చట్లే. పోవాలంటే పగటిపూట, పురోక్ లీడర్‌ని, అంటే బరాంగైల ఆ వీధుల పెద్దని, తోలుకొని పోవాలె. నేను తగీగ్‌ల ఉంటా, మాది వరంగల్. అందరికీ రిటైర్డ్ టీచర్లు దొరకరు. మా దగ్గర కంప్లైంట్ మీద పోతే అవతలాయన కపితాన్‌కి దగ్గరి చుట్టం, "అడ్జస్ట్ చేసుకోండి" అని పంపిచ్చిండు, మూడు వారాలు ఎవ్వరు పలకలే. అట్లయితే ఏం చేయాలంటే పాంగ్‌కాట్ వేయమని రాసిచ్చి అడగాలె. ఆ ముగ్గురిని లుపోన్ లిస్టుల నుంచి రెండు పార్టీలు కలిసి ఎంచుకోవాలె, కుదరకుంటే చీటీలు తీస్తరు, కపితాన్ ఇష్టమొచ్చినోళ్ళని కూసోబెట్టుడు కుదరది. ఆడ కూడా తేలకుంటే సర్టిఫికెట్ టు ఫైల్ యాక్షన్ ఇస్తరు, అది చేతికొస్తే కోర్టుకి తొవ్వ తెరుసుకున్నట్టే. నేను ఆ సర్టిఫికెట్ పేరెత్తంగనే మా కేసు కదిలింది.

సైజు కూడా చూస్కోవాలె. అన్ని బరాంగైలు ఒక్కతీరు ఉండవు, కలోకాన్‌ల బాగోంగ్ సిలాంగ్ అని రెండున్నర లక్షల మందికి ఒక్కటే బరాంగై ఉండేది, 2024ల ఓటింగ్ పెట్టి ఆరు ముక్కలు చేసిన్రు. అంత పెద్దదాంట్ల మీ కాలువని ఎవరు పట్టించుకుంటరు. చిన్నదైతే ఎంబడి పడితే పనైతది.

కవీతె_కోడలు:
తమ్ముడూ, పురోక్ లీడర్‌ని తీసుకెళ్ళమన్న మాట బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ చుట్టరికాలున్నాయి కాబట్టి వేస్ట్ అనుకోకూడదు. చట్టంలో కపితాన్‌కి నెలకి కనీసం 1,000 పెసోలు, కగవాద్‌కి 600 అని రాసుంది, చాలాచోట్ల అంతకన్నా ఎక్కువే ఇస్తారు గానీ వరదొస్తే అర్ధరాత్రి తాడు పట్టుకుని ముందు దిగేది వాళ్ళే. వాళ్ళని పనిచేయించుకోవాలంటే మనం కనపడుతూ ఉండాలి. ఏడాదికి కనీసం రెండుసార్లు బరాంగై అసెంబ్లీ పెడతారు, మామూలుగా మార్చిలో, అక్టోబర్‌లో. అమ్మాయిలూ, మీకు ఓటు లేకపోయినా వెళ్ళి కూర్చోండి, ముఖాలు గుర్తుంటాయి.

గుంటూరు_మెడికో:
అందరికీ చాలా చాలా థాంక్స్. చావు ఏమీ లేదు, కొట్టు ఆవిడని అడిగా. ఆవిడే మమ్మల్ని పురోక్ లీడర్ దగ్గరికి తీసుకెళ్ళింది, ఆయన వచ్చి కాలువ చూసి ఎడమవైపు రెండిళ్ళవాళ్ళకి కూడా నీళ్ళొస్తున్నాయని చెప్పాడు, అది మాకు తెలీనే తెలీదు. వాళ్ళు కూడా లెటర్ మీద సంతకం పెట్టారు. ముద్ర వేయించుకున్నా అక్కా. సౌండ్ గురించి లుపోన్‌కి విడిగా ఇచ్చాం, వచ్చే వారం రమ్మన్నారు. అక్కడ ఏదైనా కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టెయ్యొచ్చా?

కాకినాడ_అన్న:
పక్కవాళ్ళు కలిశారు కదా, సగం పని అయినట్టే. సంతకం విషయంలో మాత్రం తొందరపడొద్దు. రాజీ పత్రం రెండు పార్టీలకీ తెలిసిన భాషలో ఉండాలని చట్టంలోనే ఉంది, కాబట్టి ఇంగ్లీషులో రాయమని మర్యాదగా అడుగు, ఎవరూ తప్పుగా అనుకోరు. "సౌండ్ తగ్గిస్తాం" అని ఊరికే రాస్తే ఒప్పుకోకు, రాత్రి ఎన్నింటికి ఆపుతారో టైమ్ పడాలి. పది రోజుల్లోపు ఎవరూ వద్దనకపోతే దానికి కోర్టు తీర్పుకున్నంత బలం వస్తుంది, మాట తప్పితే ఆరు నెలల్లోపు లుపోనే అమలు చేయించాలి, ఆ తర్వాతైతే కోర్టుకెళ్ళాలి. అందుకే తేదీ సరిగ్గా పడిందో లేదో చూసుకుని కాపీ తీసుకో. ఇంకోటి, పిలిచిన రోజు ఎగ్జామ్ ఉంటే ముందే చెప్పి వాయిదా అడుగు, చెప్పకుండా మానేస్తే కంప్లైంట్ పెట్టినవాళ్ళకే నష్టం, మళ్ళీ అదే విషయం మీద కోర్టుకెళ్ళే దారి మూసుకుపోతుంది. నలుగురూ కలిసే వెళ్ళండి.