మేగ్నెట్ పలకలు: మూడేళ్లదానికీ ఎనిమిదేళ్లోడికీ ఒకటే డబ్బా సరిపోద్దా?

పాలకొండ అమ్మ: అంచుల్లో మేగ్నెట్లుండి ఒకదానికొకటి అతుక్కునే ప్లాస్టిక్ బొమ్మ పలకలు కొందామనుకుంటున్నాను. చిన్నదానికి మూడు, పెద్దోడికి ఎనిమిది. అరవై పీసుల డబ్బా చాలా, వందది కావాలా? చిన్నది పడగొడితే వాడు ఊరుకోడు, దానికేటి మార్గం? శ్రీకాకుళంలో దొరుకుతాయా, ఆన్‌లైనేనా?

రాజాం వర్క్‌షాప్: పీసుల లెక్క నమ్మకండి. చక్రాలూ అక్షరాల కార్డులూ అందులో కలిపేస్తారు. చతురస్రాలెన్నో చూడండి. ఒక్క పెట్టెకే ఆరు పోతాయి. రెండు వరసల్లో నాలుగు గదులు లేపాలంటే గోడలకు 12, కప్పుకు 4. నలభై చతురస్రాలు లేని డబ్బా ఇద్దరికి దండగ. త్రిభుజాలు మూల పడుంటాయంతే.

బొబ్బిలి మాస్టారు: త్రిభుజాలు మూల పడుంటాయా? ఎనిమిదేళ్లవాడికి అసలు పని వాటితోనే బాబూ. సమబాహు త్రిభుజాలు నాలుగు శిఖరం చుట్టూ కలిస్తే గోపురం, అయిదు కలిస్తే గొడుగు, ఆరు కలిస్తే నేలమీద చపాతీ. ఎందుకో వాణ్నే కనుక్కోమనండి. ప్రతి మూలా అయిదేసి కలిసేలా మొత్తం ఇరవై కలిపితే బంతి అవుతుంది.

టెక్కలి 532: పలక ఊపితే గలగలమంటోంది. లోపల మేగ్నెట్ ఊడిపోయినట్టేనా? వెనక్కి పంపేయాలా?

రాజాం వర్క్‌షాప్: ఊడలేదు. అంచులోని గాడిలో మేగ్నెట్ తిరగాలి, అప్పుడే ఏ అంచు పెట్టినా పట్టుకుంటది. తిరక్కుండా బిగించేస్తే ఒక్కో వైపు నెట్టేస్తది. అలా నెట్టేవాటిని పంపేయండి.

కళింగపట్నం: మా వైపు ఉప్పుగాలికి ఆ మేగ్నెట్లే తుప్పు పట్టేస్తాయి. ఎండలో పెడితే పవరూ పోద్ది. సముద్రం పక్కనున్నోళ్లు కొనకండి.

రాజాం వర్క్‌షాప్: రెండూ తప్పే. మామూలుగా వీటిలో ఉండేది ఫెర్రైట్, నల్లటిది. దానికి తుప్పుండదు, ఎండకు పట్టు పోదు. ఎండకు పోయేది ప్లాస్టిక్కు: రంగు వెలిసి పెళుసెక్కుద్ది.

కళింగపట్నం: మరి మూలల్లో ఎర్రమరక ఏటండీ? కుంకుమా?

రాజాం వర్క్‌షాప్: రివెట్టు, పలకను బిగించే మేకు. ఇనప రివెట్టయితే తుప్పు రాక మానదు. బకెట్లో నానబెట్టి కడిగితే నీళ్లు లోపలికి దిగి ఇంకా తొందరగా వస్తది. తడిగుడ్డ పెట్టి తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టాలి. స్పీకర్లూ వైపర్ మోటార్లూ రోజూ విప్పే చేతులివి, నాకు చెప్పకండి.

కళింగపట్నం: మోటార్లు విప్పుకోండి. బొమ్మల సంగతి మాకొదిలేయండి.

విజయనగరం సిస్టర్: తుప్పు గొడవ తర్వాత. పగిలిన పలక సంగతి ఎవరూ ఎత్తరేం? మేగ్నెట్ ఒకటి మింగితేనే కంగారు. రెండు మింగితే పేగు మడతలకు అటొకటి ఇటొకటి అతుక్కుని మధ్యలో కండ నలిగి చిల్లు పడుతుంది. అరటిపండ్లు పెట్టి కూర్చోకండి, ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెంటనే వెళ్లండి. వారానికోసారి మూలల అతుకుల మీద గోరు పెట్టి లాగి చూడండి.

టెక్కలి 532: చిన్న పగులైతే ఫెవిక్విక్ వేస్తే సరి.

విజయనగరం సిస్టర్: సరి కాదు తమ్ముడూ. అతికించింది రెండోసారి పడితే అక్కడే విచ్చుకుంటుంది. పారేయండి.

బొబ్బిలి మాస్టారు: 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. డబ్బా మీద ఐఎస్ 9873 (బొమ్మల భద్రతా ప్రమాణం), కింద సీఎం/ఎల్ అనే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసి అప్పుడు డబ్బులివ్వండి.

పాలకొండ అమ్మ: అన్నీ చెప్పారు గానీ పడగొట్టే సంగతి?

చీపురుపల్లి అక్క: ఇనప బీరువా తలుపు ఉంది కదమ్మా! పలక పడుకోబెడితే అతుక్కుంటుంది. పెద్దోడికి చిన్నదాని చెయ్యందని పైసగం, చిన్నదానికి కిందిసగం. స్టీలు పళ్లాలకు చాలావరకు పట్టదు, అది మేగ్నెట్ తప్పు కాదు. పలకలు రంగుల్ని బట్టి పంచకండి, తగువులు. పది చతురస్రాలు చిన్నదాని పళ్లెంలో వేసేయండి, దానికి కారు షెడ్డు చాలు.

బొబ్బిలి మాస్టారు: బీరువా మీద గంట స్తంభం లేవదు కదమ్మా.

చీపురుపల్లి అక్క: నేల మీద కట్టుకోమనండి, ఎవరొద్దన్నారు?

బొబ్బిలి మాస్టారు: గంట స్తంభానికని ఎనిమిది గోడలు గుండ్రంగా నిలబెడితే అంచులు మడతబందుల్లా ఊగి నలిగిపోతాయి. సమబాహు త్రిభుజాలు ఎనిమిదైతే పైన మూతపడవు. పొడుగు సన్న త్రిభుజాలు ఎనిమిది కావాలి. కప్పు పడ్డాకే స్తంభం బిగుస్తుంది. ఆ ఎనిమిదీ డబ్బాలో ఉన్నాయో లేదో చూసి కొనండి.

రాజాం వర్క్‌షాప్: చూశారా, మళ్లీ లెక్కలోకే వచ్చారు.