ఐసర్ కోసం ఏడాది ఆపాలా, ఇక్కడే బీఎస్సీ ఫిజిక్స్‌లో చేర్పించాలా?

చిత్తూరు పేరెంట్:
నమస్కారం. మా అబ్బాయికి ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. ఇంజనీరింగ్ వద్దు, ఫిజిక్సే చదువుతానంటున్నాడు. ఐసర్‌లలో (కేంద్రం నడిపే సైన్స్ విద్య, పరిశోధన సంస్థలు) చేరడానికి పెట్టే ఐఏటీ పరీక్ష రాశాడు గానీ తిరుపతి ఐసర్‌కి చాలే ర్యాంకు రాలేదు. ఏడాది లాంగ్‌టర్మ్‌లో కూర్చోబెట్టి మళ్లీ రాయించమని కొందరు, తిరుపతి ఎస్వీ ఆర్ట్స్ కాలేజీకో చిత్తూరు పీవీకేఎన్ కాలేజీకో ఆప్షన్ పెట్టేయమని కొందరు చెప్తా ఉన్నారు. తెలిసినవాళ్లు కారణాలతో సహా చెప్పండి.

ఏర్పేడు వైపు:
ఆపండి సార్. ఐసర్ బీఎస్-ఎంఎస్ అయిదేళ్లు. మొదట్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ నాలుగూ అందరూ చదవాలి, తర్వాతే ఫిజిక్స్ వైపు మళ్లుతారు. చివరి ఏడాది థీసిస్. పాఠం చెప్పేవాళ్లే పరిశోధన కూడా చేస్తుంటారు. ఆ వాతావరణం డిగ్రీ కాలేజీలో దొరకదు.
ఎంపీసీ పిల్లలు ఎక్కువగా దెబ్బ తినేది బయాలజీలోనే. ఐఏటీలో 60 ప్రశ్నలు, సబ్జెక్టుకి 15. రైటుకి 4 మార్కులు, తప్పుకి 1 కోత. బయాలజీ వదిలేశాడంటే 240కి బదులు 180కే పోటీ పడుతున్నాడు. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి పెట్టినా సగటున పావు మార్కు లాభమే. ఒక ఆప్షన్ తప్పని తేల్చుకోగలిగితే ఆ లాభం మూడింట రెండు వంతుల మార్కు అవుతుంది. ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 బయాలజీ ఏడాదిలో చదవలేనిదేమీ కాదు.

జామ్ పేపర్లు:
నేను ఒప్పుకోను. బీఎస్సీ మూడు, ఎమ్మెస్సీ రెండు, మొత్తం అయిదేళ్లు. ఆగి ఐసర్‌లో చేరితే ఆరు. అలా ఏడాది ఆగినా సీటు గ్యారంటీ లేదు. డిగ్రీ చివరి ఏడాదిలో జామ్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే ఐఐటీల ఎమ్మెస్సీకీ, బెంగళూరు ఐఐఎస్సీ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకీ దారి ఉంది. తిరుపతి ఐఐటీలోనే ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఉంది. పదిహేడేళ్ల పిల్లాడు ఇంటర్ పాఠాలే మళ్లీ తిప్పుకుంటూ కూర్చునే బదులు ఆ ఏడాది మెకానిక్స్, వేవ్స్ చదువుకుంటే మేలు.

ఏర్పేడు వైపు:
జామ్ అంత సులువుగా చెప్పేస్తే ఎట్లా? డిగ్రీ పరీక్షలో ఎక్కువగా వచ్చేది "సమీకరణాన్ని రాబట్టండి" అనే ప్రశ్న. దాన్ని బట్టీ పట్టి రాయొచ్చు. జామ్‌లో 60 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 20 ప్రశ్నలకు ఆప్షన్లే ఉండవు, అంకె తేల్చి టైప్ చేయాలి. ఇంకో 10 ప్రశ్నలకు ఒకటి కంటే ఎక్కువ జవాబులు ఉండొచ్చు, అన్నీ సరిగ్గా పెడితేనే మార్కులు. మూడేళ్లూ డెరివేషన్లు రాసినవాడు అక్కడ ఆగిపోతాడు.

జామ్ పేపర్లు:
అది నిజమే. అందుకే సెమిస్టర్‌లో ఒక యూనిట్ పూర్తయిన వారమే ఆ టాపిక్ మీద పాత జామ్ ప్రశ్నలు చేయించాలి. మూడో ఏడాది మొదలుపెడితే సమయం చాలదు. ఆప్షన్లలో ఒకటే జవాబుండే 30 ప్రశ్నలకే మైనస్ ఉంది, మిగతా 30కి లేదు. కాబట్టి లెక్క చేసే అలవాటున్న పిల్లాడికి ఆ పేపర్ అనుకూలమే.

ల్యాబ్ మనిషి:
పేరు చూసి కాలేజీ ఎంచుకోవద్దు. ఆప్షన్లు పెట్టకముందే వెళ్లి ఫిజిక్స్ ల్యాబ్ చూపించమని అడగండి. స్పెక్ట్రోమీటర్లు (కాంతిని రంగులుగా విడదీసి కోణాలు కొలిచే పరికరాలు) ఎన్ని ఉన్నాయి, బ్యాచ్‌లో ఎంతమంది? నలుగురికి ఒకటి అయితే ఒకడు తిప్పుతాడు, ముగ్గురు రికార్డు రాసుకుంటారు.
తర్వాత పాత రికార్డు ఒకటి అడిగి తీసుకుని గ్రేటింగ్ (సన్నని గీతలు దగ్గర దగ్గరగా గీసిన పలక) ప్రయోగం తెరవండి. అంగుళానికి 15,000 గీతల గ్రేటింగ్‌తో సోడియం పసుపు గీత మొదటి ఆర్డర్‌లో (నడిమి గీతకి పక్కన మొదట వచ్చే వరసలో) సుమారు 20.4° దగ్గర రావాలి. కుడి, ఎడమ రెండు వైపులా చదివి, తేడాలో సగం తీయాలి. రెండు వెర్నియర్ల (కోణం చదివే చిన్న స్కేళ్ల) రీడింగులూ ఉండాలి, ఎందుకంటే స్కేలు మధ్యబిందువు కాస్త పక్కకి ఉంటే వచ్చే తప్పు ఆ రెండిటి సగటులో పోతుంది. ఒక్క వెర్నియరే ఉండి, క్లాసులో అందరికీ నిమిషాలతో (డిగ్రీలో అరవయ్యో వంతు) సహా ఒకే కోణం వచ్చిందంటే అక్కడ ప్రయోగం జరగలేదు, రికార్డు మాత్రమే జరిగింది.
వీలైతే ల్యాంపు వేయించండి. సోడియం ల్యాంపు మొదట గులాబీ రంగులో వెలిగి, కొన్ని నిమిషాలకి గాని పసుపులో స్థిరపడదు. స్లిట్ (వెలుతురు వచ్చే సందు) బాగా సన్నం చేసి రెండో ఆర్డర్‌లో 44° దగ్గర చూస్తే 589.0, 589.6 నానోమీటర్ల జంట గీతలు మూడు నిమిషాల పైచిలుకు కోణం తేడాతో విడిపోయి కనిపించాలి. ఆ జంటను మీకు చూపించగలిగిన లెక్చరర్ ఉన్న కాలేజీలో పిల్లాణ్ని నిశ్చింతగా చేర్చండి. సంవత్సరంన్నర కిందట పాడైన ల్యాంపు ఇంకా మార్చలేదంటే వేరే కాలేజీ చూసుకోండి.

చిత్తూరు పేరెంట్:
ల్యాబ్ చూడాలన్న ఆలోచనే రాలేదు సార్, తప్పకుండా వెళ్తాను. ఫిజిక్స్ మేజర్ తీసుకుంటే పక్కన కంప్యూటర్స్ పెట్టమంటున్నారు, ఉద్యోగానికి పనికొస్తుందని. సరేనా?

జామ్ పేపర్లు:
ఎమ్మెస్సీకి వెళ్లే ఉద్దేశం ఉంటే మ్యాథ్సే పెట్టించండి. చాలా ఐఐటీల ఎమ్మెస్సీ ఫిజిక్స్‌కి డిగ్రీలో మ్యాథ్స్ చదివి ఉండాలన్న షరతు ఉంటుంది. జామ్‌లో ర్యాంకు వచ్చాక ఈ సంగతి తెలిస్తే చేయగలిగిందేమీ ఉండదు. ఇప్పుడే జామ్ సైట్‌లో ఒక్కో ఐఐటీ అర్హతలు తెరిచి చదవండి. పైథాన్ ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు అట్లా కుదరవు. బీఈడీ వైపు వెళ్లే ఆలోచన కూడా ఉంటే ఎడ్‌సెట్ నోటిఫికేషన్‌లో ఫిజికల్ సైన్స్‌కి ఏ సబ్జెక్టులు అడుగుతున్నారో ముందే చూసుకోండి. ఆప్షన్లు ఓఏఎండీసీలో (డిగ్రీ అడ్మిషన్ల ఆన్‌లైన్ సైట్) లాక్ అయ్యాక మార్చుకోవడం కష్టం.

ఏర్పేడు వైపు:
చేర్చినా ఐఏటీని మాత్రం వదలొద్దు. వచ్చే నోటిఫికేషన్‌లో ఏ సంవత్సరాల ఇంటర్‌వాళ్లకి అర్హత ఉందో చూసి, ఉంటే మళ్లీ రాయించండి. సెమిస్టర్ పరీక్షలు దగ్గర్లోనే పడొచ్చు, బయాలజీ సంక్రాంతిలోపే ముగించాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. చేరేటప్పుడు ఆ మాట గుర్తుచేసి, చూపించి వెనక్కి తెచ్చుకోండి.

ల్యాబ్ మనిషి:
ఇంకొకటి. తిరుపతిలో చదివితే గాదంకి దగ్గర్లో ఉంది. అక్కడ జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో పై గాలి పొరల్ని పరిశీలించే 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్టీ రాడార్ పనిచేస్తోంది. మీరు చూసే కాలేజీవాళ్లు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తారా, ప్రాజెక్టుకి ఉత్తరం రాసిస్తారా అని అడగండి. సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్‌కి కూడా లెక్చరర్ సిఫారసు లేఖ కావాలి, దరఖాస్తు చలికాలంలోనే పెట్టాలి. హెచ్‌ఓడీకి ఆ ఫెలోషిప్ పేరే తెలియకపోతే ఆ కాలేజీని మీ లిస్టులో కిందికి దించండి.