గ్లూకోజ్ అయిపోయాక మా ఈ. కోలై లాక్టోజ్ మీద లేవట్లేదు, ఎందుకు?

హన్మకొండ పోరడు:
అన్నలూ అక్కలూ, నేను ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ. ప్రాక్టికల్‌లో ఈ. కోలై బ్యాక్టీరియాని ఎం9 అనే కనీస పోషకాల మీడియంలో కొంచెం గ్లూకోజ్, ఎక్కువ లాక్టోజ్ వేసి పెంచాం, అది లేకపోతే ఈ స్ట్రెయిన్ పెరగదంటే థయమిన్ కూడా కలిపాం. ఓడీ (కణాలు ఎంత పెరిగాయో చెప్పే మసక కొలత) బాగానే ఎక్కి ఆగింది. పుస్తకంలో అయితే కాసేపటికి మళ్లీ లేస్తుంది కదా, మాది సాయంత్రం దాకా చూసినా గీత అడ్డంగానే ఉంది. ఇంకో డౌట్, గ్లూకోజ్ కోసం చేసుకున్న ఎంజైములన్నీ అప్పుడు పగలగొట్టేస్తుందా? వైవా దగ్గరికొచ్చింది, టెన్షన్‌గా ఉంది.

కాజీపేట జంక్షన్:
ఎందుకు పగలగొడుతుంది తమ్మీ, వాటితో ఇంకా పనుంది. లాక్టోజ్‌ని బీటా గెలాక్టోసిడేజ్ కోస్తే వచ్చేది గ్లూకోజ్, గెలాక్టోజ్. ఆ గ్లూకోజ్ గ్లూకోజ్‌ని విరిచే పాత గ్లైకాలిసిస్ దారిలోనే పోతుంది. కొత్తగా బాగా కావాల్సింది లోపలికి తెచ్చే పర్మియేజ్, కోసే ఎంజైము, గెలాక్టోజ్‌ని దారిలో పెట్టేవి కొన్ని. మొదట కోసే ఎంజైము కణానికి ఏ కొన్ని అణువులో ఉంటుంది, పూర్తిగా తెరుచుకుంటే దాదాపు వెయ్యి రెట్లు. ఆ కొన్ని ఉండబట్టే కొంచెం లాక్టోజ్ అల్లోలాక్టోజ్‌గా మారి, ఈ ఎంజైముల జన్యువులని మూసి ఉంచే రిప్రెసర్ ప్రొటీన్‌ని పట్టుకుని డీఎన్ఏ మీంచి లేపేస్తుంది. ఇక నిజంగా అక్కర్లేని ఎంజైముల సంగతంటావా, చాలావరకు తయారీ ఆపేస్తుంది అంతే, కణం చీలినప్పుడల్లా ఉన్నవి సగం సగం అయిపోతాయి.

పర్కాల అక్క:
పైన చెప్పింది కరెక్టే. కానీ వైవాలో "గ్లూకోజ్ ఉంటే సైక్లిక్ ఏఎంపీ (లాక్టోజ్ జన్యువులు బాగా పనిచేసేలా చేసే సంకేత అణువు) తగ్గుతుంది" అని చెప్పి ఊరుకోకు. శాస్త్రవేత్త మోనో ఈ రెండంచెల పెరుగుదలను 1941 నాటి థీసిస్‌లోనే వివరించాడు, జాకబ్‌తో కలిసి ఆపరాన్ (ఒకే స్విచ్ కింద నడిచే జన్యువుల గుంపు) లెక్క తేల్చింది 1961లో. 1996లో జపాన్ వాళ్లు కొలిచి చూస్తే గ్లూకోజ్ మీద పెరిగేటప్పుడూ, లాక్టోజ్ మీద పెరిగేటప్పుడూ సైక్లిక్ ఏఎంపీ పెద్ద తేడా లేదు. గ్లూకోజ్ లోపలికి వస్తున్నంతసేపు దాన్ని మోసే వ్యవస్థలోని ఒక ప్రొటీన్ ఫాస్ఫేట్ పోగొట్టుకుని పర్మియేజ్‌కి అతుక్కుంటుంది, లాక్టోజ్‌కి తలుపే తెరుచుకోదు. అసలు కారణం అది.

ఎంజైములు బాగా అటూ ఇటూ అవ్వడం చూడాలంటే గ్లూకోజ్ నుంచి ఎసిటేట్‌కి మార్చు. దారి మొత్తం వెనక్కి నడవాలి, ఐసోసిట్రేట్ లయేజ్, మేలేట్ సింథేజ్ అనే కొత్త ఎంజైములు చేసుకోవాలి, ఒక్కోసారి గంటల తరబడి ఆగిపోతుంది. నాకు అందులో నచ్చేది ఐసోసిట్రేట్ డీహైడ్రోజినేజ్, దాని మోతాదు తగ్గించకుండానే ఫాస్ఫేట్ తగిలించి పని ఆపేస్తుంది.

ఓడీ మీటర్:
అందరూ థియరీలో పడ్డారు, గీత ఎందుకు లేవలేదో ఎవరూ చెప్పలేదు. థయమిన్ అన్నావు చూడు, అక్కడే అనుమానమొచ్చింది. మీ స్ట్రెయిన్ డీహెచ్5 ఆల్ఫా కాదు కదా? దాని క్రోమోజోమ్‌లో లాక్ భాగమే (లాక్టోజ్ తినడానికి కావాల్సిన జన్యువులు) కోసేసి ఉంటుంది, రాత్రంతా ఉంచినా లాక్టోజ్ తినలేదు.

హన్మకొండ పోరడు:
ట్యూబ్ మీద అదే రాసుంది అన్నా! ఇప్పుడు వేరేది ఎక్కడ దొరుకుతుంది?

ఓడీ మీటర్:
మీ డిపార్ట్‌మెంట్‌లో ప్రొటీన్ ఎక్స్‌ప్రెషన్ చేసేవాళ్లుంటే బీఎల్21 స్ట్రెయిన్ అడుగు, దాని లాక్ జన్యువులు బాగానే ఉంటాయి. ఓడీ ఒక్కటే చూడకు, గీత ఆగిన దగ్గర్నుంచి పది నిమిషాలకోసారి శాంపిల్ తీసి ఓఎన్‌పీజీ (బీటా గెలాక్టోసిడేజ్ కోస్తే పసుపు రంగు ఇచ్చే పదార్థం) వేసి 420 నానోమీటర్ల దగ్గర చదువు. ఓడీ కదలకముందే పసుపు రంగు రావడం మొదలవుతుంది.