ఊళ్ళో కంటి క్యాంపు పెడుతున్నాం, మాక్యులా జబ్బు గురించి పెద్దవాళ్ళకి ఎలా చెప్పాలి?

పలాస_కుర్రోడు:
అందరికీ నమస్తే. మాది శ్రీకాకుళం జిల్లా, పలాస దగ్గర పల్లెటూరు. సంక్రాంతికి కుర్రాళ్ళమంతా ఊరెళ్తాం కదా, ఈసారి రామమందిరం దగ్గర కంటి క్యాంపు పెడదామనుకుంటున్నాం. కంటి క్యాంపు అంటే మావాళ్ళకి తెలిసింది శుక్లాలు, కళ్ళజోళ్ళు, అంతే. మా పెద్దమ్మకి వచ్చింది అది కాదు. శుక్లం ఆపరేషన్ అయ్యాక కూడా బియ్యంలో రాళ్ళు ఏరలేకపోయేది, ఎదురుగా నిలబడ్డ మనిషి మొహం తెలియదంటుంది కానీ పక్కనుంచి పోయే కోడిని మాత్రం తోలేస్తుంది, దాంతో ఇంట్లోవాళ్ళు కావాలనే అలా అంటోందనుకున్నారు, ఆవిడ ఎంత బాధపడిందో. చివరికి వైజాగ్ తీసుకెళ్తే స్కాన్ తీసి మాక్యులర్ డీజెనరేషన్ అన్నారు, ఒక కంట్లో అప్పటికే మచ్చ కట్టేసిందట. ఇంకో సంగతి, మా వైపు ఆడవాళ్ళు కూడా అడ్డచుట్ట కాలుస్తారు, అదే నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. దానికీ దీనికీ సంబంధం ఉందా? ఏం చెప్తే, ఏం చూపిస్తే వాళ్ళకి ఎక్కుతుందో తెలిసినవాళ్ళు చెప్పండి.

కళ్ళజోడు_మాస్టారు:
తమ్ముడూ, నేను ఆప్టోమెట్రిస్ట్‌ని, అంటే కంటిచూపు పరీక్షించేవాణ్ణి, పల్లెల్లోనే పని. ముందు జబ్బు పేరుతో మొదలుపెట్టకు, ఎవరూ వినరు. కంటి వెనక రెటీనా అనే పొర ఉంటుంది, దాని మధ్యలో సుమారు 5 మిల్లీమీటర్ల చోటు ఈ మాక్యులా. చదవడం, మొహాలు గుర్తుపట్టడం, సూదిలో దారం ఎక్కించడం అన్నీ దాంతోనే. అది దెబ్బతింటే నడిమధ్య చూపు పోతుంది, పక్కచూపు మిగులుతుంది. మీ పెద్దమ్మకి కోడి కనపడి మనిషి మొహం తెలియకపోవడం అందుకే, ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం, ఆ మాట ఇంట్లోవాళ్ళకి కూడా గట్టిగా చెప్పు.

క్యాంపుకి వచ్చినవాళ్ళ చేత చేయించాల్సింది ఒకటే. ఒక కన్ను అరచేత్తో మూసుకుని, దగ్గరచూపు అద్దాలుంటే పెట్టుకుని, గళ్ళ కాగితం మధ్యలో ఉన్న చుక్కని 30 సెంటీమీటర్ల దూరం నుంచి చూడమను, తర్వాత రెండో కన్ను. దీన్ని ఆమ్‌స్లర్ గ్రిడ్ అంటారు, జిరాక్స్ తీయించి అందరికీ పంచు. గీతలు వంకరపోయినా, మధ్యలో గళ్ళు మాయమైనా ఆ వారంలోనే రెటీనా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. కాగితం లేనివాళ్ళు ఇంట్లో ద్వారబంధం, కిటికీ ఊచలు చూసుకున్నా కొంత తెలుస్తుంది. రెండు కళ్ళూ తెరిచి చూస్తే మాత్రం బాగున్న కన్ను రెండోదాని లోపాన్ని కప్పేస్తుంది, చాలామంది ఆలస్యంగా రావడానికి కారణం అదే.

తొందర ఎందుకంటే ఇందులో పొడిది, తడిది అని రెండు రకాలు. పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి పొడిదే, మెల్లగా ముదురుతుంది. తడిదైతే రెటీనా కింద పిచ్చి రక్తనాళాలు పుట్టి నీరు, రక్తం కారుతుంది, కొద్ది వారాల్లోనే చూపు పడిపోవచ్చు, కానీ టైముకి ఇంజెక్షన్ పడితే చాలామందికి ఉన్న చూపు నిలబడుతుంది. టార్చ్‌లైటు, అక్షరాల బోర్డుతో ఇది పట్టుబడదు, కంటిపాప పెద్దదయ్యే చుక్కలేసి కంటి వెనక చూడాలి, లేదా ఆ వెనక భాగాన్ని ఫోటో తీసే ఫండస్ కెమెరా కావాలి. డాక్టర్ టీంని పిలిచేటప్పుడే ఈ సంగతి అడుగు.

చుట్ట సంగతి, కచ్చితంగా సంబంధం ఉంది. పొగతాగేవాళ్ళకి ఈ జబ్బు ముప్పు రెండింతల పైనే. 1996 నుంచి 2000 దాకా ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు మన రాష్ట్రంలో పదివేల మందికి పైగా పరీక్షించి ఐ డిసీజ్ స్టడీ చేశారు, అందులో కూడా చుట్టలు బాగా కాల్చేవాళ్ళలో ఇది ఎక్కువ కనపడింది. నోటి క్యాన్సర్ అంటే వినని పెద్దవాళ్ళు కళ్ళు పోతాయంటే కాస్త ఆగుతారు, నేను చూశాను.

తెనాలి_రవి:
మా నాన్నకి తడి రకం, ఇంజెక్షన్లు వేయిస్తున్నాం. కంట్లో సూది అనగానే ఆయన నేను చావనైనా చస్తాను గానీ అని మొండికేశారు, కాబట్టి క్యాంపులో ఇది కూడా చెప్పండి. ముందు మొద్దుబారే చుక్కలు వేస్తారు, గోధుమరంగు మందుతో కన్ను కడుగుతారు, రెప్పలు మూసుకోకుండా చిన్న క్లిప్ పెడతారు, సన్నటి సూదితో తెల్లగుడ్డు వైపు నుంచి వేస్తారు, క్షణాల్లో అయిపోతుంది, నొక్కినట్టు ఉందన్నారు అంతే. మొదట్లో నెలనెలా, తర్వాత స్కాన్ చూసి గడువు పెంచుతారు. చూపు బాగుందని మధ్యలో మానేస్తే మళ్ళీ కారుతుంది, మా వీధిలో ఒకాయనకి అలాగే అయ్యింది. ఖర్చు అందరికీ భారమే, బెవాసిజుమాబ్ అనే చవక మందు కూడా ఉంది, డాక్టర్ని మొహమాటపడకుండా అడగండి. ఇంజెక్షన్ తర్వాత నొప్పి, ఎరుపు, చూపు తగ్గడం ఉంటే తెల్లారేదాకా ఆగకుండా వెంటనే పరిగెత్తాలి, ఇన్ఫెక్షన్ కావచ్చు.

గోదారి_కోడలు:
ఒక సంగతి ఎవరూ చెప్పట్లేదు కాబట్టి రాస్తున్నా. మా అత్తగారికి చూపు బాగా తగ్గాక అరుగు మీద రంగు గౌన్ల చిన్నపిల్లలు కూర్చున్నారని అనేవారు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు, ఇంకొకరు మతి పోతోందన్నారు. ఆవిడ భయపడి చెప్పడమే మానేశారు, రాత్రిళ్ళు లైటు తీయనిచ్చేవారు కాదు. డాక్టర్‌గారు అడిగితే బయటపడింది, దీన్ని చార్లెస్ బోనె సిండ్రోమ్ అంటారట, కంటినుంచి బొమ్మ అందనప్పుడు మెదడు తనే బొమ్మలు కడుతుందట, పిచ్చి కాదు, దెయ్యం కాదు. ఆ మాట విన్నాక అత్తయ్య ఎంత ఏడ్చారో. దయచేసి మీ ఊళ్ళో ఈ ముక్క మైకులో చెప్పించండి, ఇంకెంతమంది నోరు మూసుకుని భరిస్తున్నారో.

డల్లాస్_శీను:
ఇక్కణ్ణుంచి మేమంతా అమ్మానాన్నలకి కంటి విటమిన్లు పంపుతుంటాం, అవి వేసుకుంటే రాకుండా ఉంటుందా? కన్ను మార్పిడి చేయొచ్చా?

కళ్ళజోడు_మాస్టారు:
శీను గారూ, రాకుండా ఆపవండి. జబ్బు మధ్యస్థంగా ఉన్నవాళ్ళకి, లేదా ఒక కంట్లో ముదిరినవాళ్ళకి, ముదరకుండా కొంత అడ్డుకుంటాయి, పరిశోధనలో ఐదేళ్ళలో ముప్పు పాతిక శాతం దాకా తగ్గింది. పాత రకం మాత్రల్లో బీటా కెరోటిన్ ఉండేది, పొగతాగేవాళ్ళకి దాంతో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు, అందుకే 2013 తర్వాత ల్యూటిన్, జియాజాంథిన్ ఉన్నవి వాడుతున్నారు. డబ్బా మీద చదివి, డాక్టర్‌కి చూపించాకే పంపండి. మార్పిడి చేసేది ముందుండే నల్లగుడ్డు పొర మాత్రమే, రెటీనాని మార్చే పద్ధతి లేదు. మీకు 40 దాటితే మీరూ చూపించుకోండి, తల్లిదండ్రులకి ఉంటే పిల్లలకి ముప్పు ఎక్కువ.

పలాస_కుర్రోడు:
అందరికీ చాలా థ్యాంక్స్. గళ్ళ కాగితం జిరాక్స్‌లు తీయిస్తున్నాం, చుట్టల సంగతి మా డ్వాక్రా అక్కల చేత చెప్పిస్తాం, మేం చెప్తే వినరు. పెద్దమ్మకి ఇంక ఇంజెక్షన్ లాభం లేదన్నారు, ఆవిడకి చేయగలిగింది ఏమైనా ఉందా?

కళ్ళజోడు_మాస్టారు:
ఉంది. చూపు బాగా తగ్గినవాళ్ళకి సాయపడే లో విజన్ క్లినిక్‌కి తీసుకెళ్ళు, లైటున్న భూతద్దం ఇస్తారు, కంటి కొసతో చూడటం నేర్పిస్తారు. ఇంట్లో తెల్ల కంచం బదులు ముదురు రంగు పళ్ళెం పెడితే అన్నం తేలిగ్గా కనపడుతుంది, మెట్ల అంచులకి పసుపు పెయింట్ కొట్టించు. రెండో కన్ను వారం వారం గళ్ళ కాగితంతో చూస్తుండాలి, అది ముఖ్యం. రెండు కళ్ళూ బాగా తగ్గితే వికలాంగుల సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో స్లాట్ బుక్ చేయించు, వైకల్యం 40 శాతం వస్తే పింఛనుకి పనికొస్తుంది, స్కాన్ కాగితాలు అన్నీ పట్టుకెళ్ళు.