50 ఎంఎం ప్రైమ్ లెన్స్‌తో తీసే పోర్ట్రెయిట్లలో నా ముద్ర ఎలా తెచ్చుకోవాలి?

అందరికీ నమస్కారం. ఏడాదిగా నా దగ్గరున్నది ఒకే ప్రైమ్ (జూమ్ లేని) లెన్స్, 50 ఎంఎం, ఎఫ్/1.8 దాకా తెరుచుకునేది. కెమెరాది 1.5 క్రాప్ సెన్సార్ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్నది) కాబట్టి అది దాదాపు 75 ఎంఎంలా, అంటే ఇంకాస్త దగ్గరగా చూపిస్తుంది. మనుషుల ముఖాలు తీయడమంటే నాకు ప్రాణం.

ఫొటోలు బాగానే వస్తున్నాయి. కానీ వేరేవాళ్ల ఫొటోల్లో కలిపేస్తే ఏవి నావో నేనే చెప్పలేను. మొదట్లో ఎప్పుడూ 1.8లోనే తీసేవాణ్ణి, వెనకంతా మసకబారితే చాలనుకుని. దగ్గర్నుంచి తీస్తే ఒక కన్ను షార్ప్‌గా, రెండోది మెత్తగా వచ్చేది. ఇప్పుడు లెన్స్ తెరుపు తగ్గించి 2.8, 4 దగ్గర ఆగుతున్నాను. వెనకున్న గది కాస్త కనబడితే ఆ ముఖానికొక చోటు దొరికినట్టుంటుంది.

అమ్మమ్మను కిటికీ పక్కన కూర్చోబెట్టి, వెలుతురు ఒకవైపు నుంచే పడేలా తీశాను. కాసేపటికి ఆవిడ కెమెరా సంగతే మరిచిపోయి తన చేతులు చూసుకుంటూ ఉండిపోయింది. ఆ ఒక్క ఫొటో మాత్రం నాదే అనిపించింది.

ఆర్నెల్లపాటు కిటికీ వెలుతురు, బ్లాక్ అండ్ వైట్ మాత్రమే అని హద్దు పెట్టుకుంటే శైలి కుదురుతుందా, లేక చేతులు కట్టేసుకున్నట్టవుతుందా? ప్రీసెట్లు (ఎడిటింగ్‌లో వాడే రెడీమేడ్ సెట్టింగులు) మార్చి మార్చి చూశాను, వాటితో రంగు మారింది తప్ప చూపు మారలేదు. చిన్న గదుల్లో వెనక్కి జరగడానికి చోటుండదు, అందుకు ఇంకాస్త వెడల్పుగా చూపే 35 ఎంఎం లెన్స్ కొనాలా? మీ పాత ఫొటోల్లోంచి మీవి అనిపించినవాటిని ఎలా ఏరుకున్నారో కూడా దయచేసి చెప్పండి.