మూడు ఊళ్ల తెలుగు విద్యార్థి సంఘాలను కలపడం ఎలా?

రాయగడ అమ్మాయి: ఇక్కడ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ కాలేజీల్లో మన తెలుగు పిల్లల గుంపులున్నాయి గానీ ఎవరి ఉగాది వాళ్లదే, ఎవరి చందా పుస్తకం వాళ్లదే. కాలిఫోర్నియాలో చదివే మా అన్నయ్య, అక్కడి వియత్నామీ విద్యార్థి సంఘాలన్నీ కలిసి ఒక యూనియన్ పెట్టుకున్నాయన్నాడు. అదెలా నడుస్తుందో కాస్త చెప్పండి.

బరంపురం కుర్రాడు: దక్షిణ కాలిఫోర్నియా యూనియన్ 1982 నుంచీ ఉంది. కాలేజీ సంఘాలు దేనికవే ఉంటాయి, ఎవరి పేరూ పోదు. పైన విద్యార్థుల బోర్డు ఒకటి. అందరూ కలిసి చేసే పెద్ద పని టెట్, అంటే జనవరి, ఫిబ్రవరిల్లో వచ్చే వాళ్ల కొత్త సంవత్సరం పండగ. మనవాళ్లయితే ముందు అధ్యక్షుడెవరని కొట్టుకుంటారు, అది వేరే సంగతి.

పర్లాకిమిడి మాస్టారు: 2004లో ఉత్తర అమెరికా మొత్తానికీ ఇంకో సమాఖ్య వచ్చిందమ్మా. ఏటా ఒక సేవాసంస్థను ఎంచుకుంటారు, కాలేజీలన్నీ దానికే విరాళాలు పోగుచేస్తాయి. మీరు మాత్రం మొదటి ఏడాది డబ్బు జోలికి పోకండి, లెక్కల దగ్గరే చెడేది. ఆగస్టు 29న గిడుగు జయంతి కలిసి చేయండి, ఆయన పాఠాలు చెప్పింది మా ఊళ్లోనే.

రాయగడ అమ్మాయి: ఆలోచన బాగుంది మాస్టారూ, కానీ ఆగస్టు వానల్లో ఘాట్ రోడ్డంటే ఇంట్లో పంపరు.

బరంపురం కుర్రాడు: రైలుంది కదా, విజయనగరంలో మారి పర్లాకిమిడికే రండి, అక్కడే పెట్టుకుందాం.