కొనుక్కొచ్చిన టోంకాట్సును (బ్రెడ్ పొడి పూసి నూనెలో వేయించిన పంది మాంసం ముక్క, పొట్టిగా కాట్సు) ఇంట్లో మళ్లీ కరకరలాడించాలా, కాట్సుడోన్‌లో (కాట్సు, గుడ్డు ఉడికించి అన్నం మీద వేసేది) వేసేయాలా?

నిషికసాయి_వంటిల్లు:
టోక్యోలో డిపార్ట్‌మెంట్ స్టోర్ బేస్‌మెంట్‌లోనో, వీధిలోని కాట్సు కొట్లోనో సాయంత్రం కొన్న టోంకాట్సు రాత్రి భోజనం వేళకు మెత్తబడిపోతుంది. నా మట్టుకు మైక్రోవేవ్ జోలికే పోకూడదు, ఓవెన్ టోస్టరే దారి. 1000 వాట్ల టోస్టర్‌ను ముందు 2 నిమిషాలు ఖాళీగా వేడెక్కించండి. అల్యూమినియం రేకును ఉండలా నలిపి మళ్లీ విప్పి పరిస్తే ఆ ముడతల్లోకి కొవ్వు దిగుతుంది, ముక్క తన నూనెలో తానే నానదు. పైన ఇంకో రేకు వదులుగా కప్పి 4 నిమిషాలు, అది తీసేసి 1–2 నిమిషాలు. పై రేకు లేకపోతే లోపల వెచ్చబడేలోపే పాంకో (పైన పూసిన బ్రెడ్ పొడి) మాడుతుంది. కింది రేకు లేకపోతే కొవ్వు హీటరు మీద కారి పొగ వస్తుంది, మంట కూడా లేవొచ్చు.

రోసు_పక్షం:
పల్చటి ముక్కకైతే సరే. ఫ్రిజ్‌లోంచి తీసిన 2 సెంటీమీటర్ల మందం రోసుకు (అంచున కొవ్వు ఉండే నడుము భాగం ముక్క) ఆ 6 నిమిషాలు చాలవు, నడుమ చల్లగానే ఉంటుంది. ముందు మైక్రోవేవ్‌లో 500 వాట్ల మీద 30–40 సెకన్లు, మూత వేయకుండా, అడుగున కిచెన్ పేపర్ పెట్టి. ఆ తర్వాత టోస్టర్. మైక్రోవేవ్ మాంసంలోని నీటిని ఆవిరి చేసి పై పొరలోకి నెడుతుంది, ఆ పొరను ఆరబెట్టేంత వేడి మాత్రం ఇవ్వదు. అక్కడితో ఆపేసేవాళ్లకే ముక్క మెత్తగా వస్తుంది. టోస్టర్‌లో 3 నిమిషాలు ఉంచితే ఆ తడి ఎగిరిపోతుంది. రోసు అంచున ఉండే కొవ్వు పట్టీ చల్లగా ఉంటే నోట్లో మైనంలా అంటుకుంటుంది, కాబట్టి లోపలిదాకా వేడెక్కి తీరాలి. హిరెకు (మెత్తటి లోపలి భాగం ముక్క) ఆ కొవ్వు లేదు. దానికి మైక్రోవేవ్‌లో 20 సెకన్లు దాటితే పీచులా ఎండిపోతుంది.

కొత్త_కాపురం:
టోస్టర్ లేనివాళ్ల సంగతేమిటండీ? గ్యాస్ స్టవ్ కింద ఉండే చేపల గ్రిల్ పనికొస్తుందా?

రోసు_పక్షం:
వస్తుందండీ, కానీ మంట చాలా దగ్గర. సన్న సెగ మీద, రేకు కప్పి 3 నిమిషాలు, పక్కనే నిలబడి చూసుకోవాలి. ఎయిర్ ఫ్రయర్ ఉంటే 180 డిగ్రీల్లో 4–5 నిమిషాలు, నూనె రాయనక్కర్లేదు.

డబ్బా_మూత:
ఇంటికొచ్చాక ఏం చేయాలనే దగ్గరే మీరంతా ఆగిపోయారు. కాట్సు చెడిపోయేది దారిలో. వేడి బజ్జీలను స్టీలు డబ్బాలో పోసి మూత బిగిస్తే ఏమవుతుందో ఇక్కడా అదే. కొట్లో ‘కిరానైదె కుదసాయ్’ అనండి, కోయకుండా ఇస్తారు. కోసిన ముక్కల్లోంచి రసం కారి అడుగు పొరను నానబెడుతుంది, ఆ అడుగును తర్వాత ఏ టోస్టరూ బాగు చేయలేదు. డబ్బా మూత ఓ మూల తెరిచి ఉంచండి, సంచి ముడి వేయకండి. క్యాబేజీ తురుము వేరే డబ్బాలో అడగండి. దాని చల్లదనానికి ఆవిరి నీరై కాట్సు మీదే పడుతుంది. వేడి చేశాక 2 నిమిషాలు జాలీ మీద ఆగనిచ్చి, అప్పుడు కోయండి. వేసవిలో తినడానికి 2 గంటలు దాటేలా ఉంటే ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. పంది మాంసం కదా, మళ్లీ వేడి చేసినప్పుడు నడుమ 75 డిగ్రీలు 1 నిమిషం ఉండాలి.

దాషి_గిన్నె:
కరకరే సర్వస్వం అన్నట్టు మాట్లాడటం నాకు నచ్చట్లేదు. టోక్యో గింజాలోని రెంగాతెయ్ హోటల్ 1899లో పంది మాంసం కట్‌లెట్ వడ్డించినప్పటి నుంచి జపాన్ వాళ్లు దాన్ని తడిపి తినే పద్ధతులు ఎన్నో కనిపెట్టారు. నగోయాలో మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) పులుసు పోస్తారు. టోక్యో ఉఎనోలోని ఇసెన్ హోటల్ పేరు చెబితే గుర్తొచ్చే కాట్సు శాండో (కాట్సు శాండ్‌విచ్) చల్లగా, మెత్తగా ఉండటమే దాని అందం. మెత్తబడినదానికి ప్రాణం పోసేది కాట్సుడోన్. ఒకరికి: దాషి (ఎండు చేప, సముద్రపు నాచుతో కాచిన రసం) 100 మిల్లీలీటర్లు, సోయా సాస్, మిరిన్ (తియ్యటి వంట సారా) ఒకటిన్నర పెద్ద చెంచాల చొప్పున, పంచదార 1 చిన్న చెంచా. అర ఉల్లిపాయ సన్నగా తరిగి అందులో 4 నిమిషాలు ఉడికించండి. కాట్సు ముక్కలు పరిచి 1 నిమిషం. రెండు గుడ్లను తెల్లసొన తీగలు కనిపించేలా పైపైన గిలకొట్టి మూడింట రెండొంతులు పోయండి. 30 సెకన్లయ్యాక మిగతాది పోసి, మూత పెట్టి, పొయ్యి ఆపేయండి. ఇంకో 30 సెకన్లకు అన్నం మీదికి జార్చేయడమే. గుడ్డు బాగా గిలకొడితే ఆమ్లెట్‌లా బిగుసుకుంటుంది.

నిషికసాయి_వంటిల్లు:
డబ్బా మూత గారి మాట ఒప్పుకుంటున్నాను, కోయకుండా తేవడం నేను మొదటే రాయాల్సింది. కాట్సుడోన్ విషయంలో మాత్రం తగ్గను. కగోషిమా కురోబుతా (నల్ల పంది) రోసును కొన్న రోజే పులుసులో వేయడం ఆ మాంసానికి అన్యాయం. దానికి చిటికెడు ఉప్పు, కాస్త కరాషి (జపాన్ ఆవ ముద్ద) చాలు. సాస్ కూడా మీద పోయకుండా క్యాబేజీ మీద పోసి అద్దుకోండి. కాట్సుడోన్‌కు మర్నాటి ముక్క, లేదా సూపర్‌మార్కెట్‌లో రాత్రి ధర తగ్గించి అమ్మే పల్చటిది సరిపోతుంది.

దాషి_గిన్నె:
మర్నాటిదైతే ఒక జాగ్రత్త. నానిన కాట్సును నేరుగా దాషిలో వేస్తే పొర ఊడి తేలుతుంది, మాంసం బోసిపోతుంది. దానికీ ముందు టోస్టర్‌లో 2 నిమిషాలు కావాలి, ఆ మేరకు మీ రేకు విద్య నాకూ పనికొస్తుంది.